క్లామ్ చిప్ప మీద కనిపించేదంతా చీడ కాదు

హనుమకొండ నయీంనగర్‌లో మా మిత్రుడి ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో అరచేతి వెడల్పున్న డెరాసా క్లామ్ ఒకటి. క్లామ్ అంటే రెండు చిప్పల సముద్రపు ఆల్చిప్ప. మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "దాని అంచు మీద తెల్లగా బియ్యపు గింజల్లాంటివి పాకుతున్నయ్ రా, ఒక్కసారి వచ్చి చూడు" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నేను వెళ్లేసరికే నలుగురిని అడిగి నాలుగు జవాబులు తెచ్చుకున్నాడు. మంచినీళ్లలో ముంచి తియ్యమని ఒకరు, ట్యాంకులో మందు వెయ్యమని ఇంకొకరు. పసుపు రంగు చేప ఒకటి కొని వదిలితే అదే తినేస్తుందని మూడో ఆయన చెప్పాడు. నాలుగో ఆయనైతే అవి ఏమీ చెయ్యవు, వదిలెయ్ అన్నాడట.

మందు సంగతి పక్కన పెడితే, మిగతా మూడు జవాబులూ ఏదో ఒక ప్రాణి విషయంలో నిజమే. చిక్కు అక్కడే ఉంది. క్లామ్ మీద కనిపించే ప్రాణులు రెండు మూడు కాదు, పదీ పదిహేను రకాలు. ఒకదానికి పనిచేసే ఉపాయం ఇంకోదాన్ని ఏమీ చెయ్యదు, ఒక్కోసారి క్లామ్‌నే చంపుతుంది. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇళ్లలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకున్నవాళ్లు కొద్దిమందే. సముద్రం ముఖం చూడాలంటే వందల కిలోమీటర్లు పోవాలి. పక్కింటివాళ్లను అడిగి తెలుసుకునే విషయం కాదు కాబట్టి దీన్ని మొదటి నుంచీ చూద్దాం.

మన చెరువు ఆల్చిప్పకు దూరపు చుట్టం

మామిడికాయ పచ్చడి రోజుల్లో చెక్కు తియ్యడానికి నడుమ అరగదీసి రంధ్రం చేసిన ఆల్చిప్ప వాడేవాళ్లు. మా ఇంట్లో ఇప్పటికీ ఒకటుంది. పాకాలలోనో, ఊరి చెరువు బురదలోనో దొరికే ఆ ఆల్చిప్పా, అక్వేరియం క్లామూ ఒకే వర్గం. రెండిటికీ రెండు చిప్పలు, వెనక బందులా కలిపే కీలు, లోపల మెత్తని ఒళ్లు. నీళ్లను ఒక గొట్టంతో లోపలికి పీల్చి, వడగట్టి, ఇంకో గొట్టంతో బయటికి వదలడం రెండిటికీ ఉన్న పద్ధతే.

తేడా తిండి దగ్గర వస్తుంది. అక్వేరియంలో పెంచేవి ట్రైడాక్నా జాతి క్లామ్‌లు. చిప్ప తెరిచినప్పుడు నీలం, ఆకుపచ్చ, బంగారు రంగుల్లో పెదవిలా బయటికి పరుచుకునే మెత్తని పొరను మాంటిల్ అంటారు. ఆ పొర లోపల జూక్సాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కోట్ల సంఖ్యలో కాపురం ఉంటుంది. వెలుతురు పడితే అది చక్కెరలు తయారు చేసి క్లామ్‌కు పెడుతుంది. అంటే మాంటిల్ క్లామ్‌కు ఒంటిపొర మాత్రమే కాదు, దాని పొలం కూడా. మాంటిల్ ఎంత పరుచుకుంటే అంత పంట. ఏ పురుగు కుట్టినా, ఏ నత్త గుచ్చినా క్లామ్ ముందు చేసే పని మాంటిల్ లోపలికి లాక్కోవడం. అలా రోజుల తరబడి లాక్కుని ఉంటే, కుట్టిన దెబ్బకు కాకపోయినా పస్తుకు చస్తుంది.

ఈ జాతుల్లో చిన్నది క్రోసియా, పదిహేను సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్దది గిగాస్, మీటరు దాటి, రెండొందల కిలోల పైన తూగుతుంది. నడుమ మాక్సిమా, స్క్వామోసా, డెరాసా.

చిప్ప అడుగున, కీలు పక్కన ఒక చీలిక ఉంటుంది. అక్కడి నుంచి క్లామ్ సన్నటి గట్టి పోగులు వదిలి రాయిని పట్టుకుంటుంది. ఆ పోగుల పేరు బిస్సస్. ఆ చీలికను ఇక్కడ అడుగు రంధ్రం అందాం. దాన్ని గుర్తుపెట్టుకోండి, చాలామంది శత్రువులు వచ్చేది ఆ దొడ్డిదారినే. క్రోసియా, మాక్సిమాలకు అది వెడల్పు. డెరాసాకు పెరిగేకొద్దీ సన్నబడుతుంది.

చీడ అనే ఒక్క మాటలో నాలుగు రకాలు

గేదె మీద గోమారి ఉంటుంది. గేదె బతికి ఉండగానే కొంచెం కొంచెం రక్తం తాగుతుంది, గేదె చస్తే దానికీ నష్టమే. ఇది పరాన్నజీవి. కోడిపిల్లను ఎత్తుకుపోయే గద్ద వేటజీవి, దానికి కావలసింది మొత్తం మాంసం. చెట్టు తొర్రలో గూడు పెట్టిన గోరింకకు చెట్టు ఆధారం మాత్రమే, అది అద్దెదారు. చచ్చినదాని దగ్గరికి చేరే రాబందు నాలుగో రకం. క్లామ్ చిప్ప మీద ఈ నాలుగు రకాలూ ఉంటాయి. నలుగురినీ చీడ అనే ఒక్క పేరుతో పిలిస్తే నలుగురికీ ఒకే శిక్ష వెయ్యాలనిపిస్తుంది.

ఇది మన రైతులకు కొత్త పాఠం కాదు. 2021లో వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మిర్చి తోటలను తామర పురుగు ఊడ్చేసినప్పుడు, ఒక మందు మీద ఇంకో మందు కలిపి కొట్టినవాళ్లు ఎందరో. ఆ మందులకు పురుగుతో పాటు దాన్ని తినే మిత్ర పురుగులూ పోతాయి. అక్షింతల పురుగును చూసి, ఇది కూడా ఆకు తినే పురుగే అనుకుని నలిపేసే కొత్త రైతు ఎక్కడ తప్పుతాడో, కొత్తగా ట్యాంకు పెట్టినవాళ్లు సరిగ్గా అక్కడే తప్పుతారు.

హాని లేనివాటిని ముందు పక్కకు తీద్దాం. చిప్ప మీద తెల్లటి చుక్కల్లా, చుట్ట చుట్టుకుని అంటుకుని ఉండే స్పైరోర్బిడ్ గొట్టపు పురుగులు అద్దెదారులే. ఆవగింజంత ప్రాణులు గెంతుతూ, పరుగెత్తుతూ కనిపిస్తే అవి కోపీపాడ్‌లు, ఆంఫిపాడ్‌లు. ట్యాంకు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. చిప్ప మీద గులాబీ రంగులో గట్టిగా పరుచుకునేది కోరలైన్ నాచు. రాయి మీద నాచు గీక్కుని తినే స్టొమాటెల్లా లాంటి నత్తలు చిప్ప ఎక్కినా దిగిపోతాయి, వాటికి క్లామ్ ఒక రాయి అంతే. వీటి మీద చెయ్యి వెయ్యాల్సిన పనే లేదు.

ఆ రాత్రి కనిపించిన తెల్ల గింజలు

మళ్లీ నయీంనగర్. లైట్లు ఆర్పి గంట దాటింది. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి చూశాం, తెల్ల వెలుతురు పడితే రాత్రి ప్రాణులు తప్పుకుంటాయి. మాంటిల్ అంచుకు సరిగ్గా కిందుగా, చిప్ప పెదవి మీద వరసగా తొమ్మిది. ఒక్కోటి నూక గింజ నుంచి బియ్యపు గింజ మధ్యలో ఉంది. భూతద్దం పెడితే గుండ్రటి నత్త కాదు, కొన తేలి పొడవుగా, మెలికలు తిరిగిన కోన్ ఆకారం. పాలలాంటి తెలుపు. ఒకదాని ముందు నుంచి దారప్పోగు కన్నా సన్నగా ఏదో సాగి మాంటిల్ దాకా ఆనింది. అది కదలగానే మాంటిల్‌లో ఆ ఒక్క చోటే ఉలికిపాటులా చిన్న ముడత పడింది.

ఇవి పిరమిడెల్లిడ్ నత్తలు. మామూలు నత్తలకు నోట్లో ఆకురాయిలాంటి నాలుక ఉంటుంది, నాచును దానితో గీకుతాయి. వీటికి అది లేదు. పొడవాటి తొండం, తొండంలో సూది. మాంటిల్ అంచును గుచ్చి లోపలి ద్రవాన్ని పీలుస్తాయి. క్లామ్‌కు అదే రక్తం. పగలు చిప్ప మడతల్లో, అడుగు రంధ్రం చుట్టూ, రాయికీ చిప్పకూ మధ్య సందులో దాక్కుంటాయి. అందుకే పగటిపూట ట్యాంకు ముందు గంటసేపు కూర్చున్నా ఒక్కటీ కనపడదు.

ఒకటి రెండు నత్తలు పెద్ద క్లామ్‌ను చంపవు. పది సెంటీమీటర్ల లోపు పిల్ల క్లామ్ మీద పదుల సంఖ్యలో చేరితే మాత్రం అది తట్టుకోలేదు. వీటి వల్ల ఎక్కువ నష్టపోయింది పెంపకం కేంద్రాలే. క్లామ్‌లను గుడ్డు నుంచి పెంచే పని పసిఫిక్ దీవుల్లో, ముఖ్యంగా పలావు అనే చిన్న ద్వీపదేశంలో, దశాబ్దాల నుంచీ సాగుతోంది. వేల పిల్లలను పక్కపక్కన తొట్లలో పెడితే ఒకదాని నుంచి ఇంకోదానికి పాకడం నత్తకు సులువు. సముద్రపు దిబ్బ మీద ఇదే నత్త అంత పెద్ద సమస్య కాదు. అక్కడ క్లామ్‌లు దూరదూరంగా ఉంటాయి, నత్తను ఏరుకు తినే చేపలూ ఉంటాయి. ఒకే పంట ఎకరాల కొద్దీ వేస్తే పురుగు పెరిగినట్టే, నత్త చీడగా మారింది దాని స్వభావం వల్ల కన్నా మనం కట్టిన తొట్టి వల్ల.

తెల్లగా, చిన్నగా ఉన్న ప్రతి నత్తా ఇదేనా? కాదు, ఎక్కువ గందరగోళం ఇక్కడే. అద్దం మీద నాచు తింటూ తిరిగే కొలంబెల్లిడ్ నత్తలు కూడా బియ్యపు గింజంతే ఉంటాయి. వాటి గుల్ల మీద గోధుమరంగు మచ్చలో చారలో కనిపిస్తాయి, రాళ్ల మీదా అద్దం మీదా చెదురుగా తిరుగుతాయి. పిరమిడెల్లిడ్ గుంపుగా, మాంటిల్ అంచున, అదీ రాత్రిపూట దొరుకుతుంది. ఒక్క రంగు చూసి తేల్చకుండా ఎక్కడ ఉంది, ఎప్పుడు ఉంది అని కూడా కలిపి చూస్తే పొరపాటు పడే అవకాశం తక్కువ.

నత్తను చంపే మందు క్లామ్‌నూ ఎందుకు చంపుతుంది

వరిలో ఊదను తలుచుకోండి. ఊదా గడ్డే, వరీ గడ్డే. చిన్నప్పుడు పక్కపక్కన పెడితే గుర్తుపట్టడానికి అనుభవం కావాలి. గడ్డిని చంపే మందు కొడితే వరి మీదా పడుతుంది కాబట్టే కలుపు తీతకు కూలీలు వంగి చేత్తో పీకేవాళ్లు. ఆ తర్వాత వరిని వదిలి ఊదను పట్టే మందులు వచ్చాయి. నత్తను పట్టి క్లామ్‌ను వదిలే మందు మాత్రం నమ్మకంగా వాడదగ్గది రాలేదు. రెండూ మొలస్కా అనే ఒకే వర్గపు జీవులు.

చేపలకు తెల్ల మచ్చల జబ్బు వస్తే రాగి కలిసిన మందు వేస్తారు. ఆ రాగి నత్తలకు విషమే, క్లామ్‌కూ అంతే విషం. అంతటితో పోదు, రాయికీ ఇసుకకూ పట్టి తర్వాత మెల్లగా వదులుతుంది. అందుకే తెలిసినవాళ్లు జబ్బు చేపను వేరే తొట్టిలోకి మార్చి అక్కడ మందు వేస్తారు. మిత్రుడికి మందు వెయ్యమని సలహా ఇచ్చింది మంచి మనసుతోనే, కానీ ఆ రాత్రి వేసి ఉంటే నత్తలతో పాటు క్లామూ పోయేది.

చేత్తో ఏరడమా, చేపను వదలడమా

మిగిలింది రెండు దారులు. రెండిటికీ గట్టి వాదనలున్నాయి.

మొదటిది, క్లామ్‌ను బయటికి తీసి మెత్తటి టూత్ బ్రష్‌తో చిప్ప అంతా, ముఖ్యంగా అడుగు రంధ్రం చుట్టూ రుద్దడం, కనిపించిన నత్తలను పట్టుకారుతో ఏరడం. బయటికి తీస్తే చస్తుందేమో అని భయం అక్కర్లేదు. చిప్ప మూసుకుని లోపల నీళ్లు పట్టి ఉంచుకోగలదు, ఆటుపోట్ల మధ్య బతికే జాతులకు అది అలవాటే. బిస్సస్ పోగులను మాత్రం లాగకూడదు. లాగితే వేర్లతో సహా ఒంటి కండ తెగుతుంది. బ్లేడుతో రాయి దగ్గర కోస్తే మళ్లీ కొత్త పోగులు వేసుకుంటుంది. మళ్లీ నీళ్లలో పెట్టేటప్పుడు లోపల చిక్కిన గాలి బుడగలు బయటికి పోయేలా అటూ ఇటూ వంచుతారు.

కష్టం నత్తతో కాదు, దాని గుడ్లతో. ఈ నత్తలు ప్రతిదీ ఆడా మగా రెండూ, కాబట్టి ప్రతి నత్తా గుడ్లు పెడుతుంది. గుడ్లు జిగురులాంటి పారదర్శకమైన ముద్దలో చిప్ప సందుల్లో అంటుకుని ఉంటాయి. తెలియనివాళ్లు చూస్తే తడి మెరుపు అనుకుంటారు. దీని లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహ చేద్దాం. మొదటి రాత్రి పన్నెండు నత్తలు ఏరారు. నాలుగో రోజు నాలుగు, ఎనిమిదో రోజు ఒకటి, పన్నెండో రోజు సున్నా. ఇక అయిపోయిందని ఆపేశారు. సందులో మిగిలిన ఒక్క గుడ్ల ముద్ద పగిలి, పిల్లలు కనిపించేంత పెరిగేసరికి కొన్ని వారాలు పడుతుంది. నెల తర్వాత ఒక రాత్రి పదిహేను కనిపిస్తాయి. అప్పుడు అందరూ ఎక్కడి నుంచి వచ్చాయో అంటారు. అవి ఎక్కడికీ పోలేదు. సున్నా వచ్చిన తర్వాత కూడా ఆరేడు వారాలు చూడమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. అన్ని వారాల పాటు కొత్తవి గుడ్లు పెట్టే వయసుకు రాకముందే ఏరుతూ పోతే గొలుసు తెగుతుంది.

రెండో దారి చేప. రాస్ అనే చేపల కుటుంబంలో పసుపు రంగు హాలికోయెరెస్, ఆరు చారల రాస్ చిన్న నత్తలను వెతికి తింటాయి. దీనికి మొగ్గు చూపేవాళ్ల వాదనలో బలం ఉంది. మనం వారానికి రెండుసార్లు చూస్తే చేప పొద్దంతా చూస్తుంది. క్లామ్‌ను మాటిమాటికీ బయటికి తీసే శ్రమా, అలజడీ తప్పుతాయి.

కాదనేవాళ్ల మాటా వినాలి. రాస్ పగటి చేప. చీకటి పడగానే పసుపు రాస్ ఇసుకలో దూరి పడుకుంటుంది, ఆరు చారలది రాళ్ల సందులో చేరుతుంది. నత్త బయటికి వచ్చేది సరిగ్గా అప్పుడే. పగలు అడుగు రంధ్రంలో దాక్కున్న నత్త దాకా చేప మూతి అందదు. పైగా ఆరు చారల రాస్ మంచి ఆంఫిపాడ్‌లనూ తింటుంది, తర్వాత వచ్చిన చిన్న చేపలను తరుముతుంది. నా ఉద్దేశంలో చేప మేలైన కాపలాదారే, కానీ ఇల్లు శుభ్రం చేసే పని దానికి అప్పజెప్పలేం. ఏరడం పూర్తయ్యాక తప్పిపోయినవాటిని తినడానికి అది పనికొస్తుంది, ఏరకుండా దాన్నే నమ్ముకుంటే ఆశాభంగం తప్పదు.

మంచినీటి స్నానం ఎవరి మీద పనిచేస్తుంది

సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పులుంటాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు అంచుల దాకా నిండితే సుమారు 190 లీటర్లు. అంటే ఆరున్నర కిలోల పైచిలుకు ఉప్పు. అలాంటి నీళ్లలో బతికే మెత్తటి పురుగును ఉప్పు లేని నీళ్లలో వేస్తే నీళ్లు దాని ఒంట్లోకి చొరబడతాయి. ఎండుద్రాక్ష నీళ్లలో ఉబ్బినట్టు ఉబ్బి చస్తుంది. క్లామ్ చిప్ప బిగించుకుని కొంతసేపు ఓర్చుకోగలదు. ఆ కొంతసేపే స్నానం వెనకున్న కిటుకు.

దీనికి లొంగేవి చదును పురుగులు. స్టైలోకస్ అనే చదును పురుగు ఆకులా పలచగా ఉండి, చిప్పల సందులో నుంచి దూరి లోపలి కండ తింటుంది. పూర్తిగా వేటజీవి. ఒంటికి కవచం లేదు కాబట్టి మంచినీళ్లు దానికి చావే.

పిరమిడెల్లిడ్ అలా లొంగదు. దాని గుల్ల మూతికి తలుపులాంటి రేకు ఉంది. మంచినీళ్లు తగలగానే తలుపేసుకుంటుంది. గుడ్లకు జిగురు ముద్దే రక్ష. కొన్ని నత్తలు పట్టు వదిలి రాలొచ్చు, రాలినవన్నీ చచ్చాయనుకోవడం పొరపాటు. మిత్రుడికి స్నానం సలహా ఇచ్చినాయన చదును పురుగుతో పడ్డ అనుభవం చెప్పి ఉంటాడు.

స్నానం మాట ఎక్కువగా వినిపించేది ఇంకో జబ్బు దగ్గర. మాంటిల్ అంచు ఎవరో వేళ్లతో గిల్లి పట్టుకున్నట్టు అక్కడక్కడా లోపలికి ముడుచుకుపోతుంది, మిగతా భాగం మామూలుగానే ఉంటుంది. దీన్ని గిల్లిన మాంటిల్ జబ్బు అనొచ్చు. ఏకకణ జీవి వల్ల వస్తుందని ఎక్కువమంది భావన. ఆర్వో నీళ్లను ట్యాంకు వేడికే తెచ్చి, వంట సోడాతో పీహెచ్ కూడా ట్యాంకు నీళ్లతో సమానం చేసి, 20 నుంచి 30 నిమిషాలు ముంచడం హాబీలో చాలామంది వాడే పద్ధతి. చాలా క్లామ్‌లు దాని తర్వాత కోలుకున్నాయని చెప్పేవాళ్లున్నారు. వద్దనేవాళ్లు, అప్పటికే నీరసించిన క్లామ్‌కు అరగంట మంచినీళ్లు రెండో దెబ్బ అవుతుందంటారు. ముడుచుకున్న ప్రతి మాంటిల్ జబ్బు కాదని గుర్తుచేస్తారు. అల తాకిడి ఎక్కువైనా, చేప కొరికినా అంచు ముడుచుకుంటుంది. రెండో మాటను బట్టి చూస్తే, ముందు పంపు వాటం మార్చి, చేపలను రెండు రోజులు గమనించి, అప్పటికీ గిల్లినట్టే ఉంటే స్నానం గురించి ఆలోచించడంలో న్యాయం ఉంది.

వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల నుంచి వచ్చే కొళాయి నీళ్లు మనకు మంచినీళ్లే, అయినా స్నానానికి పనికిరావు. వాటిలో క్లోరిన్ ఉంటుంది, పాత ఇళ్ల గొట్టాల్లో రాగి కూడా ఉండొచ్చు.

శవం దగ్గర దొరికిన బ్రిసిల్ వార్మ్

ఎవరింట్లోనో క్లామ్ పొద్దున్నే నోరు తెరుచుకుని చచ్చి పడి ఉందనుకోండి. లోపల బ్రిసిల్ వార్మ్ అనే గులాబీ రంగు పురుగు, పక్కలకు తెల్లని నూగు, గొంగళిలా మెలికలు తిరుగుతోంది. ఎవరైనా ఏమనుకుంటారు? ఇదే చంపింది అని. ముట్టుకుంటే నూగు వేలికి గుచ్చుకుని గంటల తరబడి మండుతుంది కాబట్టి కోపం ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ అభిప్రాయాలు రెండుగా చీలాయి. ఎక్కువమంది అనుభవజ్ఞులు బ్రిసిల్ వార్మ్‌ను రాబందు లెక్కలో వేస్తారు. మిగిలిన తిండి, చచ్చిన ప్రాణి దాని ఆహారం. క్లామ్ చావడం మొదలైతే కండ వాసన నీళ్లలో కలిసి గంటల్లో పురుగులన్నీ చేరతాయి. మనం చూసేది చివరి దృశ్యం. ఇంకో వర్గం, కొత్తగా తెచ్చిన, పోగులు తెగిన క్లామ్ అడుగు రంధ్రం గాయంలోకి పెద్ద బ్రిసిల్ వార్మ్‌లు దూరడం చూశామంటారు. నిప్పు పురుగు అనే హెర్మోడిస్ లాంటి నిజమైన వేటజీవులు కూడా ఈ కుటుంబంలో ఉన్నాయి. రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. ఆరోగ్యంగా, రాయిని గట్టిగా పట్టుకున్న క్లామ్‌కు మామూలు బ్రిసిల్ వార్మ్ ముప్పు కాదు. గాయపడ్డ క్లామ్ రాయి మీద కుదురుకునే దాకా దాన్ని చిన్న గిన్నెలోనో, చదును పలక మీదో ఉంచడం రెండు వర్గాలకూ సమ్మతమే.

క్లామ్ లోపల నుంచి తినే అసలు దొంగ మరొకటుంది, సైమేటియం నత్త. గుల్ల మీద నూగు ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడే సందుల్లో నుంచి దూరి, లోపల పెరుగుతూ కండ తింటుంది. బయటికి ఏమీ కనపడదు, క్లామ్ మాత్రం రోజురోజుకూ మూసుకోవడంలో బద్ధకిస్తుంది. సముద్రంలో క్లామ్‌లను పెంచే తొట్లకు ఇది పెద్ద శత్రువు. ఒక్క నత్త చాలు. చేత్తో తియ్యడం తప్ప దారి లేదు.

పక్కింట్లో ఉండి బాధపెట్టేవి

అయిప్టేసియా అనే చిన్న గాజు రంగు ఎనిమోన్, అంటే పువ్వులా కనిపించే సముద్ర ప్రాణి, క్లామ్‌ను తినదు, కానీ చిప్ప మీద మొలిచి తన తీగల్లాంటి టెంటకిల్స్‌తో మాంటిల్‌ను కుడుతూ ఉంటుంది. గీకేద్దామనుకుంటే మిగిలిన ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది. దాని నోట్లో సున్నపు పేస్ట్ పొయ్యడం రాళ్ల మీద మంచి పద్ధతే. చిప్ప మీదైతే పేస్ట్ మాంటిల్ మీద పడి కాలుస్తుంది. దాన్నే తిని బతికే బెర్గియా అనే సముద్రపు స్లగ్ క్లామ్ జోలికి రాదు, అది దొరికితే అదే మేలు.

వెర్మెటిడ్ అనే గొట్టపు నత్త సాలెగూడులా జిగురు దారాలు వదులుతుంది. అవి మాంటిల్‌కు తగిలి క్లామ్ మూసుకుంటూ ఉంటుంది. దాని గొట్టం మూతికి సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టి మూసేస్తారు. చిప్పను తొలిచే క్లియోనా స్పంజీ చిన్న చిన్న రంధ్రాల వరసగా, పసుపు రంగులో కనిపిస్తుంది. అది మెల్లగా పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న క్లామ్ లోపలి నుంచి చిప్పను మందం చేసుకుంటూ దానితో పోటీ పడగలదు.

పురుగు లేకుండానే పురుగు పట్టినట్టు

మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. కరెంటు రెండు గంటలు పోతే నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఆగి, ట్యాంకు నీళ్లు 26 నుంచి 30 దాటడానికి ఎంతో సేపు పట్టదు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. క్లామ్ నోరు బార్లా తెరుచుకుని, లోపలి గొట్టం పెద్ద రంధ్రంలా కనిపిస్తుంది. చీడ పట్టినప్పుడూ సరిగ్గా ఇలాగే ఉంటుంది. వెలుతురు చాలకపోయినా, నీళ్లలో ఆల్కలినిటీ (క్షారత), కాల్షియం పడిపోయినా మాంటిల్ కుంచించుకుంటుంది. ఏంజెల్ చేప, బటర్‌ఫ్లై చేప మాంటిల్‌ను కొరికినా అంతే.

ఒక చిన్న పరీక్ష ఉపయోగపడుతుంది. క్లామ్ మాంటిల్ అంచున వందల కొద్దీ చిన్న కళ్లున్నాయి, నీడ పడితే అవి పసిగడతాయి. అరచేయి దాని మీదుగా కదిలిస్తే ఆరోగ్యమైనది చటుక్కున ముడుచుకుంటుంది. బద్ధకంగా ముడుచుకుంటే ఏదో ఒక బాధ ఉంది. అది పురుగా, నీళ్లా అన్నది ఈ పరీక్ష చెప్పదు. థర్మామీటర్, నీటి పరీక్షలు ముందు, టార్చి తర్వాత అన్న వరస అందుకే.

కాగితాల మాట

ట్రైడాక్నా మాక్సిమా, స్క్వామోసా, వాటి చుట్టం హిప్పోపస్, ఈ మూడూ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే. లక్షద్వీప్, అండమాన్ సముద్రాల నుంచి తీసినవాటిని కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ట్రైడాక్నా కుటుంబం మొత్తం 1985 నుంచి సైటీస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అంటే దేశాల మధ్య వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి. 2022లో చట్టాన్ని సవరించాక, ఇలా విదేశాల నుంచి వచ్చిన సైటీస్ జీవులను పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. మిత్రుడి డెరాసా విదేశీ పెంపకం కేంద్రంలో పుట్టింది, దాని కాగితాలున్నాయి. కాగితం చూపించలేని క్లామ్ ఎంత తక్కువ ధరకు వచ్చినా, దాని చీడల గురించి ఆలోచించే దాకా వెళ్లకుండా వదిలెయ్యడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. సముద్రంలో అవి తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది.

ఐదో వారం తిరిగి వచ్చిన నత్తలు

ఆ తొమ్మిదింటిని ఆ రాత్రే ఏరాం. మిత్రుడు బ్రష్‌తో చిప్పంతా రుద్ది, సందులో మెరుస్తున్న రెండు జిగురు ముద్దలను గోరుతో లేపాడు. మూడు రోజులకోసారి చూస్తూ, గోడ క్యాలెండర్ మీద అంకెలు రాస్తూ వచ్చాడు. మూడో వారం నుంచి సున్నాలే. ఐదో వారం మళ్లీ మూడు కనిపించాయి.

క్లామ్ సందులన్నీ వెతికాం, గుడ్ల జాడ లేదు. చివరికి అద్దానికి అతుక్కుని నాచు తింటున్న టర్బో నత్తను తిప్పి చూశాం. దాని గుల్ల మూతి అంచున, లోపలి నీడలో, తెల్ల గింజలు రెండు. పిరమిడెల్లిడ్‌లలో కొన్ని జాతులకు క్లామ్ ఒక్కటే కాదు, ట్రోకస్, టర్బో లాంటి పెద్ద నత్తలు కూడా ఆతిథ్యం ఇస్తాయి. క్లామ్‌ను ఎంత శుభ్రం చేసినా, ట్యాంకు శుభ్రం చెయ్యడానికి తెచ్చిన నత్తల మీద అవి నిశ్చింతగా బతుకుతూ వచ్చాయి. ఇప్పుడతను క్లామ్‌తో పాటు ఆ ఐదు టర్బో నత్తలనూ వారానికి రెండు రాత్రులు తిరగేసి చూస్తున్నాడు. క్యాలెండర్ మీద రెండు వరుసలు, ఒకటి క్లామ్‌కు, ఒకటి నత్తలకు.